లాభం చాలకపోయినా వదలని పని

కవిత్వం ఎందుకు రాయాలి అన్న ప్రశ్నకు పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు ఆరు జవాబులు చెప్పాడు. కీర్తి కోసం, డబ్బు కోసం, లోకం పోకడ తెలియడం కోసం, కీడు తొలగడం కోసం, అప్పటికప్పుడు కలిగే ఆనందం కోసం, ప్రియురాలు బుజ్జగించి చెప్పినట్టు మంచిని చెప్పడం కోసం. 'కావ్యప్రకాశం'లోని ఈ జాబితాలో డబ్బుది రెండో స్థానం. ఆయన దాన్ని దాచలేదు, సిగ్గుపడలేదు. పైగా ఉదాహరణలు కూడా ఇచ్చాడు: కాళిదాసుకు దక్కింది కీర్తి, శ్రీహర్షుడి దగ్గర ధావకుడికి దక్కింది ధనం, సూర్యుణ్ణి స్తుతించిన మయూరుడికి దక్కింది ఆరోగ్యం.

ఇప్పటి మాటల్లో ఆ ఆరూ పోయి ఒక్కటే మిగిలింది: ప్యాషన్. బేకరీ పెట్టిన అమ్మాయిని అడిగినా, షార్ట్‌ఫిల్మ్ తీసిన కుర్రాణ్ణి అడిగినా, ఐటీ ఉద్యోగం మానేసి గానుగ నూనె అమ్ముతున్న పెద్దమనిషిని అడిగినా ఇదే జవాబు. అడిగేవాళ్లకూ ఇంకో జవాబు వినే ఓపిక ఉన్నట్టు లేదు. కానీ ఈ ప్రశ్నను మనస్తత్వవేత్తలూ ఆర్థికవేత్తలూ అరవై ఏళ్లకు పైగా గట్టిగానే పట్టించుకున్నారు. ఆ పరిశీలనల్లో ముఖ్యమైనవి కొన్ని కాకినాడలో, గుంటూరులో, హైదరాబాదు బస్తీల్లో జరిగాయి. అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్యాషన్ అనే మాట చాలా కొద్దిమందికి, అదీ సగమే సరిపోతుందనిపిస్తుంది.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం మన దేశంలో పనిచేసేవాళ్లలో సుమారు 58 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారు. ఇందులో రైతులూ ఉన్నారు, కూలి లేకుండా ఇంటివాళ్ల పనిలో చేయివేసే ఆడవాళ్లూ ఉన్నారు. వ్యవసాయాన్నీ నిర్మాణాన్నీ పక్కన పెట్టి చిన్నాచితకా సంస్థల్ని మాత్రమే లెక్కించిన మరో ప్రభుత్వ సర్వే అదే ఏడాది 7.34 కోట్ల సంస్థల్ని చూపింది. వాటిలో పనిచేసేవాళ్లు 12.06 కోట్లు. అంటే సగటున ఒక్కో చోట ఇద్దరైనా లేరు. ఆ దుకాణం యజమానీ, గుమాస్తా, ఊడ్చే మనిషీ ఒక్కరే. వీళ్లందర్నీ 'పారిశ్రామికవేత్తలు' అనేసి, వాళ్ల వెనక ఉన్న ప్రేరణ ఏమిటని ఒకే ప్రశ్న వేస్తే జవాబు తప్పే వస్తుంది.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో పేదల ఆర్థిక జీవితం మీద 2007లో రాసిన వ్యాసంలో గుంటూరు ముచ్చట ఒకటి ఉంది. ఊళ్లోని పెద్ద మురికివాడ ప్రధాన వీధిలో పొద్దున తొమ్మిదింటికి నడుస్తుంటే ప్రతి ఆరో ఇంటి ముందూ ఒకావిడ కిరోసిన్ స్టవ్ మీద పెనం పెట్టుకుని దోసెలు పోస్తోంది. దోసె రూపాయి. ఓ గంట గడిస్తే ఆ పెనాలు లోపలికి వెళ్లిపోతాయి. ఆ ఆడవాళ్లే మిగతా పూట చీరలకు పనిచేస్తారు, పచ్చళ్లు అమ్ముతారు, కూలికి వెళ్తారు. ఒకే వీధిలో అంతమంది దోసెలే పోస్తుంటే ఎవరికీ పెద్దగా మిగలదు. అది తెలియనంత అమాయకులు కారు వాళ్లు. పెట్టుబడి తక్కువ, పిల్లలు కళ్ల ముందుంటారు, ఇంకో పని దొరికితే వెంటనే మానేయవచ్చు. ఆ వీధికి వెళ్లి 'మీకు దోసెలంటే అంత ఇష్టమా?' అని అడగడం వెటకారమే అవుతుంది. వీళ్లను ఈ ఇద్దరు రచయితలు తర్వాత 2011 నాటి పుస్తకంలో 'మనసు లేని వ్యాపారులు' అన్న అర్థం వచ్చేలా పిలిచారు. వాళ్లు మాట్లాడిన పేద తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలకు కోరుకున్నది వ్యాపారం కాదు, ప్రభుత్వోద్యోగం. మన ఇళ్లలో గ్రూప్స్ కోచింగ్‌కు డబ్బు కట్టే తండ్రి ఎక్కువసార్లు ఓ కిరాణా కొట్టు యజమానే అవడం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఇదే బృందం హైదరాబాదులో ఇంకా పెద్ద పరీక్ష చేసింది. నగరంలోని 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు ముందు తెరిపించి, మిగతా సగంతో పోల్చింది. అప్పు దొరికితే ప్రతి గడపలోనూ ఒక వ్యాపారి మేలుకుంటారని ఆ రోజుల్లో చాలామంది గట్టిగా నమ్మారు. 2015లో అచ్చయిన ఫలితాల్లో అలాంటిదేమీ లేదు. సగటు కుటుంబం ఖర్చు పెరగలేదు. ఆడవాళ్ల మాట ఇంట్లో ఎక్కువగా చెల్లిందన్న దాఖలా కూడా దొరకలేదు. లాభం కనిపించింది అప్పటికే బాగా నడుస్తున్న కొద్దిపాటి వ్యాపారాల్లో. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆర్డినెన్సుతో సూక్ష్మరుణాలు ఆగిపోయాక కూడా పరిశోధకులు ఆ కుటుంబాల వెంట వెళ్లారు. అప్పు రాకముందే సొంతంగా వ్యాపారం పెట్టుకున్నవాళ్లలో ఆ మేలు ఏళ్ల తర్వాత కూడా నిలిచి ఉంది. అప్పు వచ్చింది కదా అని మొదలుపెట్టినవాళ్లలో నిలవలేదు. మనిషిలో ముందే ఏదో ఉండాలన్న వాదానికి ఇది బలం. ఆ 'ఏదో' ఏమిటి, దాన్ని నేర్పవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. అది అంతకు నలభై ఏళ్ల ముందే కాకినాడలో అడిగారు.

హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1961లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఏ సమాజం పిల్లల కథల్లో 'నేను దీన్ని ఇంకా బాగా చేయాలి' అన్న తపన ఎక్కువగా కనిపిస్తుందో ఆ సమాజం తర్వాతి రోజుల్లో ఆర్థికంగా ఎదుగుతుందన్నది అందులో వాదం. దానికి ఆయన పెట్టిన పేరు సాధన కాంక్ష. అది పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పవచ్చు అని కూడా అన్నాడు. నిరూపించమంటే మన దేశాన్ని ఎంచుకున్నాడు. 1962లో హైదరాబాదు యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ మొదలైంది. ఇప్పటి ని-ఎంఎస్ఎంఈ అదే. 1964 నుంచి కాకినాడ వ్యాపారులు కొన్ని జట్లుగా ఆ సంస్థలో శిక్షణ పొందారు. గోదావరి ఒడ్డునున్న రాజమండ్రి వ్యాపారుల్ని పోలిక కోసం శిక్షణ లేకుండా వదిలారు.

ఆ శిక్షణలో పద్దులు రాయడం, బ్యాంకు కాగితాలు నింపడం లేవు. బొమ్మలు చూపించి కథలు రాయించారు. ఆ కథల్లో సాధన గురించిన ఆలోచన ఎక్కడుందో వాళ్లచేతే వెతికించారు. దూరం నుంచి గుంజకు రింగు విసిరే ఆట ఆడించారు. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరం నిలబడితే గెలుపు అదృష్టమే. కొంచెం కష్టమైన, కానీ చేయగలిగిన దూరాన్ని తనకు తానే ఎంచుకోవడం ఆ ఆటలో పాఠం. తర్వాత ప్రతి ఒక్కరూ రాబోయే రోజులకు ఒక లక్ష్యం రాసి పెట్టుకున్నారు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ 1969లో మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ అచ్చువేసిన ఫలితాల్లో శిక్షణ పొందినవాళ్లు అంతకుముందు కంటే చురుగ్గా కదిలారు: కొత్త వ్యాపారాలు పెట్టారు, పెట్టుబడి పెంచారు, పనివాళ్లను చేర్చుకున్నారు. పూజలు, ముహూర్తాలు, కులం వంటి సంప్రదాయ విశ్వాసాలు వ్యాపార బుద్ధికి అడ్డు అన్న అప్పటి పడమటి నమ్మకం కూడా కాకినాడలో నిలవలేదు. ముహూర్తం చూసుకుని మరీ కొత్త మిల్లు తెరిచారు జనం.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి ఆ పుస్తకంలో ఒక మూలన ఉంది. శిక్షణ ఫలితం ప్రధానంగా ఎవరిలో కనిపించిందంటే, వ్యాపారంలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవాళ్లలో. నాన్నో, అన్నగారో పెత్తనం చేస్తుండగా కింద కూర్చున్న కొడుక్కి సాధన కాంక్ష ఎంత నూరిపోసినా అది ఎక్కడికీ పోదు. వాడు కలలు కంటాడు, అంతే. కాకినాడ ప్రయోగాన్ని మన మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాలన్నీ 'ప్రేరణను నేర్పవచ్చు' అన్న ఒక్క వాక్యానికి కుదించేశాయి. రెండో సగం వదిలేశాయి. గుజరాత్ 1970 నుంచి ఈ శిక్షణను పెద్ద ఎత్తున తీసుకుంది, 1983లో అహ్మదాబాదులో జాతీయ స్థాయి సంస్థే పుట్టింది. ప్రయోగం జరిగిన గడ్డ మీద మాత్రం ఆ పేరు చాలామందికి తెలియదు.

విధానం పాతబడలేదనడానికి ఆఫ్రికా నుంచి ఒక తాజా సాక్ష్యం ఉంది. టోగో రాజధాని లోమేలో 1500 చిన్న వ్యాపారాల మీద చేసిన పరిశోధన 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కొందరికి పద్దులు, మార్కెటింగ్ నేర్పారు. కొందరికి చొరవ నేర్పారు: ఎవరో చెప్పే దాకా ఆగకుండా ముందడుగు వేయడం, పక్కవాడిని చూసి కాపీ కొట్టకుండా తేడాగా ఆలోచించడం, దెబ్బ తగిలాక లేవడం. చొరవ నేర్చినవాళ్ల లాభం సుమారు 30 శాతం పెరిగింది. పద్దులు నేర్చినవాళ్లకు పెరిగినట్టు గట్టిగా చెప్పలేని పెరుగుదలే వచ్చింది. గమనించాల్సింది, ఈ వ్యాపారాలన్నీ అప్పటికే సొంతదారుల చేతిలో నడుస్తున్నవి.

ఇంతకీ సొంతదారుతనంలో డబ్బు ఉందా? అమెరికాలో బార్టన్ హామిల్టన్ 2000లో వేసిన లెక్క ఇప్పటికీ చాలామందిని ఇబ్బంది పెడుతుంది. పదేళ్లు సొంత వ్యాపారం నడిపిన మామూలు మనిషి, అంతే కాలం ఎక్కడో జీతానికి పనిచేసి ఉంటే వచ్చేదాని కంటే 35 శాతం తక్కువ సంపాదిస్తున్నాడు. అయినా వదలడు. ఎందుకని వెతికిన బెంజ్, ఫ్రే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 23 దేశాల సర్వేలు తిరగేశారు. సొంత పని చేసుకునేవాళ్లు, ఎక్కువ సంపాదించే ఉద్యోగుల కంటే కూడా తమ పనితో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. కారణం పైన ఎవరూ లేకపోవడం. అమెరికా చిన్న వ్యాపారాల మీద 2011లో హర్స్ట్, పగ్స్‌లీ రాసిన పత్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లలో చాలామందికి దాన్ని పెంచాలన్న ఉద్దేశమే మొదటినుంచీ లేదు, కొత్త వస్తువు కనిపెట్టాలన్న కోరికా లేదు. తనకు తాను యజమానిగా ఉండటమే వాళ్లకు కావలసింది.

మన టైలర్లనూ, మెకానిక్కులనూ, సెలూన్ నడిపేవాళ్లనూ అడగండి. 'ఒకడి కింద పనిచేయక్కర్లేదు' అన్న మాట ముందొస్తుంది, ఆదాయం సంగతి తర్వాత. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కులం చూసి గ్లాసు వేరుగా పెట్టిన చోట, ఏకవచనంతో పిలిచే ఆఫీసులో, సెలవు అడిగితే ముఖం చిట్లించే షాపులో పనిచేసి వచ్చినవాడికి తన కొట్టు తలుపుకు తానే తాళం వేసుకోవడం ఆదాయంలో ఒక భాగమే. ఆర్థికవేత్తలు దాన్ని కొలవలేక 'డబ్బుకాని ప్రయోజనం' అన్న ఖానాలో వేస్తారు. వేసుకోనీయండి.

కళల దగ్గరికి వస్తే వాదం ఇంకో దారి పట్టింది. డబ్బు ఇస్తే సృజన చస్తుందా అన్నది అక్కడ రచ్చ. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లోని నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ప్రాణంపెట్టే పిల్లల్ని ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రమూ రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలు స్కెచ్‌పెన్లు పట్టుకోవడం దాదాపు సగానికి తగ్గిపోయింది. అదే సర్టిఫికెట్‌ను ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో ఇష్టం తగ్గలేదు. 1985లో తెరీసా అమాబిలే 72 మంది రచయితల చేత చిన్న కవితలు రాయించింది. రెండో కవితకు ముందు కొందరి చేత డబ్బు, పేరు, మార్కులు వంటి కారణాల జాబితా చదివించింది. ఎవరు ఏ జట్టో తెలియకుండా కవితలు చూసిన న్యాయనిర్ణేతలు ఆ జట్టు కవితలకే తక్కువ మార్కులు వేశారు. ఐదు నిమిషాలు పేరు ప్రతిష్ఠల గురించి ఆలోచిస్తే కవిత్వం పల్చబడిందన్నమాట. మన సాహిత్య సభల్లో సన్మానాల తర్వాత చదివే కవితల్ని విన్నవాళ్లు ఈ ఫలితానికి ఆశ్చర్యపోరు.

కానీ ఇక్కడే ఆగితే మోసపోతాం. బహుమానం ఇష్టాన్ని చంపుతుందన్న వాదాన్ని కామెరన్, పియర్స్ 1994లో గట్టిగా ఎదిరించారు. 1999లో డెసీ, కోస్ట్నర్, రయాన్ 128 ప్రయోగాల్ని కలిపి జవాబు చెప్పారు. రెండు పక్షాల గోలా కొన్నేళ్లు సాగింది. తేలిందేమిటంటే, చంపేది డబ్బు కాదు. 'ఇలా చేస్తేనే ఇస్తాను' అన్న పెత్తనం. అమాబిలేనే 1993లో 23 మంది చిత్రకారుల దగ్గర ఆర్డరు మీద వేసిన పది బొమ్మలూ, ఆర్డరు లేకుండా వేసిన పది బొమ్మలూ తెప్పించి నిపుణులకు చూపించింది. ఆర్డరు బొమ్మల్లో పనితనం తగ్గలేదు, కొత్తదనం తగ్గింది. అయితే ఆర్డరు ఇచ్చినాయన చేతులు కట్టేశాడని అనుకున్నవాళ్ల బొమ్మలే ఎక్కువ పడిపోయాయి. ఆర్డరు తమకు దారి తెరిచిందనుకున్నవాళ్ల బొమ్మలు బాగానే ఉన్నాయి. దుకాణంలో చూసిన 'తనకు తాను యజమాని' మాటే ఇక్కడ బొమ్మల్లోనూ వచ్చింది. ఈ రెండు రకాల మనుషుల్ని ఒకే ప్రశ్న కింద పెట్టడానికి నాకు ఇంతకంటే గట్టి కారణం కనిపించలేదు.

పోతన, శ్రీనాథుల కథలు మనం చెప్పుకునే తీరులో ఈ తేడానే మరుగున పడింది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్న పోతన నిస్పృహుడు, ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం చేయించుకున్న శ్రీనాథుడు భోగి, చివరికి అప్పులపాలై కష్టపడ్డాడు అని చాటువులు చెబుతాయి. దీన్ని ఇద్దరి స్వభావాల కథగా బడిలో నేర్పుతాం. కానీ ఆ కాలంలో కావ్యానికి కొనుగోలుదారు ముఖ్యంగా రాజే. అతను పోతే శ్రీనాథుడికి దిక్కు లేదు. సంప్రదాయం చెప్పినట్టు పోతనకు పొలం ఉండబట్టే కాదనగలిగాడు. రాయడానికి ఏమేం అమరాలో పెద్దన పేర పెద్ద జాబితా చెప్పే చాటువు ఒకటుంది: ఇబ్బంది లేని చోటు, ఊయల మంచం, కర్పూర తాంబూలం వగైరా. ఎమ్మే క్లాసుల్లో దాన్ని చూసి నవ్వుతాం గానీ, తీరిక లేకుండా కావ్యం రాదన్న మాట అందులో నిజమే.

ఆస్ట్రేలియా ఆర్థికవేత్త డేవిడ్ త్రాస్‌బీ 1990లలో కళాకారుల ఆదాయాల్ని చూసి చెప్పింది కూడా దానికి దగ్గరే. మామూలు మనిషికి జీతం పెరిగితే ఎక్కువ పని చేస్తాడంటారు. కళాకారుడు వేరే ఉద్యోగంలో నాలుగు డబ్బులు ఎక్కువ వస్తే ఆ ఉద్యోగంలో గంటలు తగ్గించుకుని కళకు ఇస్తాడు. తెలుగు కథ చరిత్ర అంతా ఇదే. పాలగుమ్మి పద్మరాజు కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన మనిషి. ఆయన 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. రావిశాస్త్రి వకీలు. కొడవటిగంటి కుటుంబరావు చందమామలో జీతం తీసుకున్నారు. కాళీపట్నం రామారావు విశాఖలో లెక్కల మాస్టారు. ఆయన 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వస్తే, 1997లో శ్రీకాకుళంలో ఇతరుల కథల్ని దాచిపెట్టే కథానిలయం కట్టారు. వీళ్లలో ఎవరూ కథ మీద బతకలేదు, బతుకుతామనీ అనుకోలేదు. జీతం వేరేచోట వచ్చింది కాబట్టి కథలో ఎవరి మాటా వినక్కర్లేకపోయింది. కథ మీద బతకాలనుకున్నవాళ్లు సినిమాకు వెళ్లారు. అక్కడ వేరొకరి పేరు మీద రాసే ఘోస్ట్ రచయితలు హైదరాబాదు కృష్ణానగర్‌లో ఇప్పటికీ ఉన్నారు.

మమ్మటుడి ఆరింటిలోనూ, ప్రయోగశాలల ఖానాల్లోనూ పట్టని ప్రేరణ ఒకటి ఉంది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చెక్కకున్న మేకుల చుట్టూ నూలును చేత్తో అటూఇటూ తిప్పాలి, చీరకు వేలసార్లు. అది ఎప్పుడూ ఆడవాళ్ల పనే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం ఆ పనితో పడిపోయింది. ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇది సాధన కాంక్షా? స్వాతంత్ర్యమా? ఆనందమా? అమ్మ నొప్పి చూడలేకపోవడం. మనస్తత్వవేత్తలు 'సంబంధం' అన్న మాట వాడతారు గానీ, అది కొంచెం చప్పగా ఉంటుంది.

ఏటికొప్పాకలో సి.వి.రాజు కథ కొంత వేరు. అంకుడు కర్ర బొమ్మలకు లక్కపూత వేసే ఊళ్లో రసాయన రంగులు వచ్చి పాత విద్యను తోసేశాయి. ఆయన ఆకులూ వేర్లూ గింజల నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టి, తన ఊరి కళాకారులందరికీ నేర్పారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఊరి పేరు నిలవాలన్నదే అక్కడ ఇంధనం. మల్లేశం, రాజు ఇద్దరూ డబ్బు కాదన్నవాళ్లేమీ కాదు, బొమ్మ అమ్ముడుపోకపోతే ఊరు నిలవదని తెలిసినవాళ్లు.

వంశం నుంచి వచ్చే పని సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక కుటుంబం తరాలు దాటింది. పిల్ల పుట్టగానే రంగస్థలం ఎక్కుతుంది. ఆడవేషాలు ఆడవాళ్లే వేసిన తొలి సమాజాల్లో అదొకటి. 'ఎందుకు చేస్తున్నారు?' అన్న ప్రశ్న సురభిలో పుట్టినవాళ్లకు విచిత్రంగా వినిపిస్తుంది. మగ్గం గుంట పక్కన ఊయలలో పెరిగిన పిల్లలదీ అంతే. ఇష్టం ముందొచ్చి పని తర్వాత రాలేదు. పని ముందొచ్చింది, చేతికి ఒడుపు వచ్చాక ఇష్టం వచ్చింది, కొందరికి రాలేదు. రానివాళ్ల పిల్లలు మగ్గం దిగి హైదరాబాదులో డెలివరీ బాయ్‌లుగా ఉన్నారు. 2019-20 చేనేత గణన దేశంలో 35.22 లక్షల మంది చేనేత పనివాళ్లను లెక్కించింది, వారిలో సుమారు 72 శాతం ఆడవాళ్లు. నేత కుటుంబాల్లో మూడింట రెండొంతుల ఆదాయం నెలకు ఐదు వేల లోపే. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, డిజైన్ ఇస్తాడు, మజూరీ ఎంతో చెబుతాడు. వాళ్లు మగ్గం వదలకపోవడాన్ని 'కళ మీద ప్రేమ' అని ఎగ్జిబిషన్ స్టాళ్ల బోర్డుల మీద రాస్తున్నారు. కాకినాడలో పెత్తనం లేని కొడుకు స్థితి ఇదే.

ఈ ప్రేమ మాట ఎంత నష్టం చేస్తుందో 2020లో జే కిమ్, ఆయన సహచరులు వరుస ప్రయోగాల్లో చూపించారు. ఒక ఉద్యోగికి పని అంటే ప్రాణం అని చెబితే చాలు, అతనిచేత జీతం లేకుండా అదనపు గంటలు చేయించడం, సెలవు రోజున పిలవడం, తన పని కాని పని చేయించడం సమంజసమేనని జనం ఎక్కువగా ఒప్పుకున్నారు. 'ఎలాగూ ఇష్టపడే చేస్తున్నాడుగా' అన్నదే తర్కం. ఇన్నేళ్ల పరిశోధనలో మన పత్రికలకూ, సినిమా ఆఫీసులకూ, చీరలు కొనే మనందరికీ సూటిగా తగిలేది ఇదే. రచయితకు పారితోషికం ఇవ్వకుండా 'మీ కథ వేశాం' అని ఫోను చేసే సంపాదకుడూ, అసిస్టెంటు డైరెక్టరుకు టిఫినే జీతంగా ఇచ్చే నిర్మాతా ఆ మాట చాటునే బతుకుతున్నారు.

నా తీర్పు ఇది. ఈ పనుల్లో మనుషుల్ని నిలబెట్టేది నిర్ణయం తమ చేతిలో ఉండటం. దాని పక్కన అమ్మో, ఊరో, నలుగురి గౌరవమో ఉంటుంది. ఆనందం పని బాగా వచ్చాక దొరుకుతుంది. డబ్బు వీటికి శత్రువు కాదు, పెత్తనం శత్రువు. ఆలస్యంగా ఇచ్చే డబ్బు కూడా ఒక పెత్తనమే. శిక్షణ తరగతులు పెట్టే ప్రభుత్వాలు ప్రేరణ పాఠాలతో పాటు నేతగాడికి సొంత నూలూ, సొంత డిజైనూ, సొంత కొనుగోలుదారూ దొరికే మార్గం చూపాలి. లేకపోతే కాకినాడ ప్రయోగం సగమే చేసినట్టు.

చివరగా, చిన్న తయారీదారులూ సేవలందించేవాళ్లూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు లేదా సేవ తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. ఈ రక్షణ కావాలంటే ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, రుసుము ఏమీ లేదు. ఎవరికీ లంచం ఇవ్వకండి, ఏజెంటుకూ ఇవ్వకండి.